సూదక్క నోటికి తాళం

సూదక్క చెయ్యి చాలా తేలికని ఆ ఆసుపత్రిలో పేరు. రక్తపరీక్షల గదిలో నాలుగు కుర్చీలున్నాయి. మిగతా మూడూ ఖాళీగా ఉన్నా సరే, జనం టోకెను చేతపట్టుకుని ఒకటో నంబరు కుర్చీ ముందే నిలబడేవారు. ఆ కుర్చీ పక్కన చక్రాల స్టూలు మీద కూర్చుని ఆవిడ పదకొండేళ్ళుగా రోజుకి అరవై, డెబ్భై చేతులు చూస్తోంది. అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి లిఫ్టు మనిషిదాకా అందరికీ సూదక్కే.

చెయ్యెంత నెమ్మదో నోరంత జోరు. రబ్బరు పట్టీ బిగించేటప్పుడు మొదలుపెట్టిన మాట దూది అద్దేదాకా ఆగేది కాదు. చేతి మీద మచ్చ కనిపిస్తే చాలు, కుక్క కరిచిందా అని అందుకుని, కుక్క నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి ఆడపడుచు కాపురానికి, అక్కణ్ణుంచి చెడిపోయిన నీళ్ళ మోటారుకి వెళ్ళిపోయేది. ఈలోగా చూపుడువేలు తన పని తాను చేసుకుపోయేది. మోచేతి మడతలో నరం ఎక్కడ లేస్తోందో నొక్కి చూసేది, స్పిరిటు దూదితో తుడిచేది, సూది మొన కన్నం పైకి ఉండేట్టు పట్టుకుని ఏటవాలుగా దింపేది. ఆ ఆడపడుచు చివరికి కాపురానికి వెళ్ళిందా లేదా అని రోగి ఆలోచిస్తుండగానే మూడు ట్యూబులు నిండిపోయేవి. తన మాటలంటే జనానికి ప్రాణమని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంతో ఎవరూ తేల్చలేదు. తేల్చడానికి ఆవిడ సందు ఇస్తేగా.

అలాంటి మనిషి మీద సోమవారం పొద్దున్నే ఫిర్యాదు వచ్చింది. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలకని వచ్చి, పోతూ పోతూ ఫిర్యాదుల పెట్టెలో కాగితం వేసి పోయాడు. రక్తం తీయడం అమోఘమనీ, సూది దిగినట్టే తెలియలేదనీ మొదట రాశాడు. కానీ ఆ ఐదు నిమిషాల్లో ఆవిడగారి ఆడపడుచు గురించీ, మోటారు గురించీ, తన బట్టతలకి కారణం గురించీ వినవలసి వచ్చిందట. ఇది ఆసుపత్రా, కుళాయి దగ్గర క్యూనా అని చివర అడిగాడు. సూదికి మెచ్చుకోలూ నోటికి శిక్షా అన్నమాట. ఆసుపత్రివాళ్ళు మెచ్చుకోలు చదవకుండా చివరి వాక్యం మాత్రం చదివారు.

రక్తపరీక్షల గదికి ఇన్‌చార్జి మేడం సూదక్క కన్నా పదేళ్ళు చిన్నది. ఏ సంగతైనా కాగితం మీద అచ్చు వేసి గోడకి అంటిస్తేగాని ఆవిడకి నిద్ర పట్టదు. మధ్యాహ్నానికల్లా ఒకటో కుర్చీ ఎదురుగా గోడ మీద కాగితం వెలిసింది. రోగితో మాట్లాడవలసిన వాక్యాలు నాలుగు. మీ పేరు చెప్పండి. పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా? పిడికిలి బిగించండి. అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి. ఐదో వాక్యం మాట్లాడినట్టు తెలిస్తే చర్య తీసుకోబడును.

"ఏం చర్య?" అని అడిగింది సూదక్క.

"ఇదిగో, ఇదే ఐదోది సూదక్కా," అంది మేడం మర్యాదగానే.

ఆ తర్వాత కుర్చీలోకి వచ్చినవాడు మూటలు మోసే మనిషి. చేతులు దుంగల్లా ఉన్నాయి, వాటి మీద నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిలకి సూది వేయడం నేర్పడానికి అలాంటి చేతులే చూపిస్తారు. సూదక్క పట్టీ బిగించింది, తుడిచింది, సూది పట్టుకుంది. నోట్లోంచి బయటికి పోవలసిన మాటలు పోయే దారి లేక వెనక్కి తిరిగి తలలోకి ఎక్కాయి. ఈ భుజం మీద కాయ ఏమిటి, మూటలదేనా, మా తాతకి కూడా ఉండేది, అది నిమ్మకాయంత ఉండేది, నేనెందుకు అడక్కూడదు, అడిగితే ఏం పోయింది, ఆ కోటాయనకి బట్టతల నేను తెప్పించానా, మేడం వెనక నిలబడిందా, సూది వాలు ఎక్కువైందా, ఎప్పుడూ ఇంత వాలు పెడతానా, అసలు ఎప్పుడైనా చూసుకున్నానా? సూది నరం పక్కనుంచి పోయింది. ట్యూబులోకి చుక్క రాలేదు.

 మూటలు మోసే మనిషి పాపం రెండో చెయ్యి చాపాడు. సూదక్క చెవులు ఎర్రబడ్డాయి. పదకొండేళ్ళలో అంత లావు నరాన్ని ఆవిడ తప్పడం అదే మొదటిసారి. ఆ సాయంత్రానికి ఇంకో రెండు తప్పాయి.

తప్పినవి తప్పినట్టు ఊరుకుంటే సరిపోయేది. మర్నాటికి సూదక్క తన వేలిని తానే కాపలా కాయడం మొదలుపెట్టింది. ఇంతకాలం అడగకుండా పనిచేసిన వేలు, అడిగేసరికి బిడియపడిపోయింది. నరం ఇదేనా, పక్కదా అని ఒకటికి నాలుగుసార్లు నొక్కి చూసేది. నొక్కిన కొద్దీ నరం లోపలికి దూరేది. మంగళవారం ఐదు తప్పాయి. రెండో కుర్చీ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయింది. పొద్దుట్నుంచి సాయంత్రందాకా పెదవి విప్పని పిల్ల. ఆ రోజు ఆ పిల్ల ముందు పదిమంది వరస కట్టారు. ఒకటో కుర్చీ ముందు ఇద్దరే నిలబడ్డారు, వాళ్ళు కూడా కొత్తవాళ్ళు.

ఇంట్లో సంగతి ఇంకా దారుణం. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు బిగబట్టిన మాటలన్నీ గుమ్మం దాటగానే గట్టు తెంచుకునేవి. సూదక్క భర్త కాలిపోయిన ఫ్యాన్లకి రాగితీగ చుడతాడు. ఒక్కో కాయిల్‌కి నాలుగు వందల చుట్లు. ఒక్కటి తక్కువైనా ఫ్యాను మూలుగుతుంది, ఒక్కటి ఎక్కువైనా వేడెక్కుతుంది. కాబట్టి ఆయన పెదాల మీదే లెక్కపెట్టుకుంటూ చుడతాడు. మంగళవారం సాయంత్రం మూడు వందల పన్నెండు దగ్గర ఒకసారి, రెండు వందల ఎనభై దగ్గర ఒకసారి లెక్క పోయింది. రెండుసార్లూ తీగంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారి పోయినప్పుడు తీగ కింద పెట్టి, భార్య వైపు తిరిగి, చాలా ఓర్పుగా చెప్పాడు.

"నువ్వూ లెక్కపెట్టు. అంకెల మధ్యలో ఆలోచన దూరడానికి చోటుండదు. నేను ఇరవయ్యేళ్ళుగా బతుకుతున్నది అలాగే."

ఇరవయ్యేళ్ళంటే తమ పెళ్ళయి కూడా ఇరవయ్యేళ్ళేనని సూదక్కకి అప్పుడు తట్టలేదు.

అత్తగారు ఇంకో ఉపాయం చెప్పింది. నోట్లో గుక్కెడు నీళ్ళు పోసుకుని కూర్చోమంది. తను కోడలిగా ఉన్నప్పుడు అత్త మీద నోరు జారకుండా అలాగే నెట్టుకొచ్చిందట. నోరు కదలకపోతే మనసు కూడా కొన్నాళ్ళకి విసుగెత్తి కూర్చుంటుందని ఆవిడ సిద్ధాంతం.

బుధవారం సూదక్క లెక్కపెట్టింది. నిజంగానే అంకెల మధ్య ఆలోచన దూరలేదు. అంకెలు తప్ప ఇంకేమీ దూరలేదు. నూట నలభై దాకా వచ్చేసరికి కుర్చీలో ఉన్న స్కూలు గుమాస్తా, తన చెయ్యి వంకాయ రంగుకి తిరిగిందని సిగ్గుపడుతూ మనవి చేసుకున్నాడు. పట్టీ బిగించి విప్పడం మరిచిపోయింది. మధ్యాహ్నం నీళ్ళ వైద్యం మొదలుపెట్టింది. రెండు బుగ్గలూ ఉబ్బించుకుని కూర్చున్న ఆవిణ్ణి చూసి, పన్ను నొప్పి కాబోలని ఒక ముసలాయన రక్తం ఇవ్వడం మాని సలహాలు ఇచ్చాడు. పేరు చెప్పండి అన్న మొదటి వాక్యం కోసం ప్రతి రోగికీ ఒక గుక్క మింగవలసి వచ్చేది. సాయంత్రానికి ఆవిడ రక్తం తీసిన సార్లకన్నా బాత్‌రూముకి వెళ్ళిన సార్లే ఎక్కువయ్యాయి.

ఆ రోజే మేడం ఇంకో కాగితం తెచ్చింది. శనివారం పొద్దున పరీక్ష. వరసగా ఇరవైమంది. సూది మొదటిసారే దిగాలి. రెండు తప్పులదాకా క్షమిస్తారు. మూడోది తప్పితే ఒకటో కుర్చీ రెండో కుర్చీ అమ్మాయికి పోతుంది, సూదక్క కింద స్టోర్సులోకి వెళ్ళి ఖాళీ సీసాలకి లేబుళ్ళు అంటించాలి. జీతం మాత్రం అదే ఉంటుందని మేడం ఓదార్పుగా చెప్పింది.

జీతం ఎవడిక్కావాలి అనుకుంది సూదక్క. పదకొండేళ్ళుగా మనుషుల చేతులు పట్టుకుని బతికింది. ఆ గదిలోకి వచ్చే ప్రతివాడూ బెదురుతూ వచ్చి, తన ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి అప్పగించేవాడు. అలా అప్పగించే చెయ్యి లేకుండా తను ఎవరో ఆవిడకి తెలియదు. స్టోర్సులో సీసాలకి చేతులుండవు, చెవులసలే ఉండవు. ఆ మాట తలుచుకోగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా ఐదో వాక్యం కిందకి వస్తుందేమోనని మింగేసింది.

గురువారం ఆసుపత్రివాళ్ళే ఒక సారుని పిలిపించారు. ఉద్యోగుల ఏకాగ్రత పెంచడం ఆయన వృత్తి. క్యాంటీన్లో బల్లలు పక్కకి జరిపి నలభైమందిని నేల మీద కూర్చోబెట్టాడు. గొంతు మెత్తగా, వెచ్చగా ఉంది. గొప్ప పని చేసేవాళ్ళందరి మనసూ ఆ క్షణంలో ఖాళీగా ఉంటుందని చెప్పాడు. కళ్ళు మూసుకుని మనసుని ఒక గదిగా ఊహించుకోమన్నాడు. అందులోంచి సామానంతా ఒక్కొక్కటే బయట పెట్టెయ్యమన్నాడు.

సూదక్క బుద్ధిగా కళ్ళు మూసుకుంది. బీరువా బయట పెట్టింది, మంచం బయట పెట్టింది, అత్తగారి కుర్చీ కూడా బయట పెట్టింది. గది ఖాళీ అయింది. ఖాళీ అయిన గది ఎంత విశాలంగా ఉందో చూసి ముచ్చటపడింది. కిటికీ కూడా ఉంది. ఇంత మంచి గది ఊరికే పడి ఉండటమేమిటని ఎవరికైనా అద్దెకిద్దామనుకుంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. అబ్బాయి మంచివాడే, ఆ పిల్లే కాస్త టెక్కు. వారం తిరక్కుండానే నీళ్ళ దగ్గర పేచీ పెట్టుకుంది. ట్యాంకు నింపేది ఒకరూ, వాడేది ఒకరూనా అని సూదక్క నిలదీసింది. మాటా మాటా పెరిగింది.

సారు ఒక్కొక్కరి దగ్గరకీ వచ్చి చెవిలో అడుగుతున్నాడు. ఈవిడ దగ్గర వంగి, "గది ఖాళీ అయిందా అమ్మా?" అన్నాడు.

"చెయ్యమంటే చెయ్యట్లేదండీ," అంది సూదక్క పళ్ళు బిగించి.

శుక్రవారం ఎలా గడిచిందో చెప్పుకోవడం అనవసరం. నలుగురికి తప్పింది. అందులో ఒకరు ఆసుపత్రి వంటమనిషి. ఆ రోజు ఉద్యోగులందరూ ఉప్పు లేని పప్పు తిన్నారు.

శనివారం తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. మేడం అట్టకి కాగితం తగిలించుకుని, పెన్ను విప్పి, సూదక్క వెనక సరిగ్గా జానెడు దూరంలో వంగి నిలబడింది. ఆవిడ ఊపిరి మెడ మీద తగులుతోంది. మొదటి ఐదుగురూ సాఫీగా అయిపోయారు. ఆరోవాడు బిగుసుకుపోయే మనిషి, అతనికి తప్పింది. ఏడు నుంచి పద్నాలుగుదాకా చెమటలు కక్కుతూ నెట్టుకొచ్చింది. పదిహేనో ఆవిడ నిండు గర్భిణి. ఈవిణ్ణి పొడిచి బాధపెడతానేమో అన్న ఒక్క ఆలోచనకే సూది దారి తప్పింది. రెండయ్యాయి. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది ఎలా దిగాయో దేవుడికే తెలియాలి. ఇంక ఒక్కరే మిగిలారు.

ఇరవయ్యో టోకెను ఒక ముసలావిడది. బూడిదరంగు గొడుగు చంకలో పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వచ్చి కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి జరిపి చాపింది. సూదక్క ఆ చేతి మీద వేలితో వెతికింది. మోచేతి మడత తెల్లకాగితంలా ఉంది, నరం జాడే లేదు. ఎడమ చెయ్యి అడిగి చూసింది, అదీ అంతే. రెండో కుర్చీ అమ్మాయి కూడా తన పని ఆపి మెడ సాచి చూసింది.

ఇంక చేసేదేముంది, గోడ మీద మొదటి వాక్యం అందుకుంది. "మీ పేరు చెప్పండి."

గొడుగావిడ పేరు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

"ఆ పేరు పెట్టి నన్నెవరూ పిలవరులే అమ్మాయ్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫయ్యేళ్ళు చేశాను. అక్కడ నా పేరు పదిహేడు. పదిహేడో బోర్డు నాది."

టెలిఫోన్ అన్న మాట వినపడగానే సూదక్క నాలుక మీదకి పెదనాన్న వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ పెదనాన్న ఇంట్లో ఒక నల్లటి ఫోను ఉండేది. దానికి ఆయన తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. బ్రహ్మాండమైన కథ అది, ఎవరికి చెప్పినా నవ్వుతారు. చెప్పబోయి పెదవి కొరుక్కుంది. వెనక మేడం పెన్ను టక్కుమంది.

గొడుగావిడ ఒక క్షణం ఆగి, ఎదుటి మనిషి ఏమీ అనకపోవడం చూసి, కాస్త ఆశ్చర్యంగానే కొనసాగించింది. అప్పట్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో ఎక్స్‌ఛేంజి ఆడపిల్ల తీగ గుచ్చి కలపాలట. ఎనిమిదేసి లైన్లు ఒక్కసారి నడుస్తుంటాయట. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ తన చెవి పక్కనుంచే పోయేవట, ఒక్కటి కూడా వినేది కాదట. వింటే తీగ తప్పు గుచ్చడమే. అలాంటిది ఒకాయన మాత్రం రోజూ సాయంత్రం ఆరింటికి తన దుకాణం నుంచి ఒకే నంబరు అడిగేవాడు. తను కలిపేది. అవతల మోగేది, మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. పాతికసార్లు మోగాక, చాలమ్మా, తీసెయ్ అనేవాడు.

"ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. ఎనిమిది నెలలు," అంది గొడుగావిడ.

ఎనిమిది నెలలా అనుకుంది సూదక్క. ఎవరి నంబరది? ఎత్తరని తెలిసీ ఎందుకు చేస్తాడు? అప్పులవాడా, ప్రేమించినవాడా? అడగడానికి వీల్లేదు. ఆవిడ చెప్పాలి, తను వినాలి, అంతే. ఇంకో మాట చెబుతుందేమోనని ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చుంది. పెదనాన్న ఎప్పుడు లేచి వెళ్ళిపోయాడో తెలియలేదు. మేడం ఊపిరి తగలడం మానేసింది. వేలు తనంతట తానే మోచెయ్యి వదిలి మణికట్టు దాకా పోయి, బొటనవేలి ఎముక పక్కన ఒకచోట ఆగింది.

"ఎనిమిది నెలలయ్యాక ఇక ఉండబట్టలేకపోయాను. ఆ రోజు ఆరింటికి ఆయన నంబరు అడిగాడు. నేను కలపలేదు. గంట మోగినట్టు కాసేపు ఊరుకుని, నేనే హలో అన్నాను."

అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందా అని తలెత్తితే, గొడుగావిడ తన చేతి వైపు చూస్తోంది. ట్యూబు సగం పైగా నిండి ఉంది. సూది ఎప్పుడు దిగిందో సూదక్కకి తెలియదు. అలవాటు కొద్దీ ట్యూబు మార్చింది, పట్టీ వదులు చేసింది, సూది తీసింది, దూది పెట్టింది. అలవాటు కొద్దీ నాలుగో వాక్యం కూడా వచ్చేసింది. "అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి."

అయిపోయిందంటున్నారు కదా అని గొడుగావిడ లేచి, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మేడం కాగితం మీద చివరి టిక్కు పెట్టింది. ఇరవైకి పద్దెనిమిది. సారు చెప్పిన పద్ధతి ఎంత బాగా పనిచేసిందో చూశారా, సోమవారం అందరి ముందూ మీ చేత రెండు మాటలు చెప్పిస్తాను అంటూ చెయ్యి కలపబోయింది. కలపడానికి స్టూలు మీద మనిషి లేదు. ఒకటో కుర్చీ తనకే దక్కిన ఆ నిమిషంలో, సూదక్క ఒక చేతికి గ్లోవ్ ఉండగానే నడవాలోకి పరిగెత్తింది.

గొడుగావిడ నడవా చివర బెంచీ మీద కూర్చుని, చెప్పినట్టే దూది నొక్కిపట్టుకుంది. సూదక్క ఎదురుగా నిలబడి రొప్పుతోంది.

"తర్వాత ఏమైందమ్మా?"

"ఏది?"

"హలో అన్నాక."

గొడుగావిడ ఆవిణ్ణి కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఆరేళ్ళుగా మూణ్ణెల్లకోసారి నీ దగ్గరికే వస్తున్నాను. వచ్చినప్పుడల్లా ఇది మొదలుపెడతాను. టెలిఫోన్ అనేసరికల్లా నువ్వు మీ పెదనాన్న ఫోను అందుకుంటావు. తాళంచెవి మొలతాడుకి కట్టుకోవడం నాకు ఇరవైసార్లు తెలుసు."

సూదక్క ఆ ముఖంలోకి చూసింది. ఎంత వెతికినా ఆ ముఖం ఎక్కడా చూసినట్టు లేదు. దూది నొక్కిపట్టిన మణికట్టు వైపు చూసింది. ఎముక పక్కన పాత సూది గుర్తులు చిన్న చిన్న చుక్కల్లా ఉన్నాయి. అన్నీ ఒకేచోట, వరసగా, తన చేత్తో పెట్టినవే. ఆవిడకి చాలా సిగ్గేసింది. పదకొండేళ్ళుగా జనం తన మాటలు వినడానికి వస్తున్నారనుకుంది. బెంచీ చివర కూర్చుంది.

"చెప్పండి. మధ్యలో మాట్లాడను."

గొడుగావిడ తొందరపడలేదు. "ఎవరది అన్నాడు ఆయన. ఇక్కడెవరూ లేరండీ, నేను ఎక్స్‌ఛేంజి అమ్మాయిని, రోజూ ఎవరికి చేస్తున్నారు అన్నాను. అది మా ఇంటి నంబరేనమ్మా అన్నాడు. భార్య పోయిందట. ఇల్లు తాళం వేసి ఉంటుందట. ఇంట్లో ఫోను మోగుతుంటే లోపల మనుషులున్నట్టుంటుంది, అది కాసేపు విని తర్వాత ఇంటికి వెళ్తాను అన్నాడు."

నడవాలో ఎవరో బండి తోసుకుంటూ పోయారు. దానికి దారిస్తూ గొడుగావిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"మర్నాటి నుంచి ఆరింటికి నేనే ఎత్తేదాన్ని. ఆయన దుకాణం కబుర్లు చెప్పేవాడు, నేను వినేదాన్ని. రెండేళ్ళు తీగ మీదే గడిచింది. తర్వాత పెళ్ళి చేసుకున్నాం. ముప్ఫై ఒక్క ఏడు కాపురం చేశాం. ఆయన పోయి ఆరేళ్ళయింది."

సూదక్క నోరు తెరిచింది. పదకొండేళ్ళలో ఇలాంటి సమయాలకి ఆవిడ దగ్గర సిద్ధంగా ఉండే మాటలు సవాలక్ష ఉన్నాయి. వెతికితే ఒక్కటీ దొరకలేదు. తలలో అంత నిశ్శబ్దం ఆవిడ ఎప్పుడూ ఎరగదు.

"ఏమీ అనవేం?" అంది గొడుగావిడ.

"మీ ఇంట్లో ఫోనుందా అమ్మా?"

"ఉంది. ఎవరు చేస్తారు దానికి?"

"నంబరు చెప్పండి. సాయంత్రం ఆరింటికి నేను డ్యూటీ దిగుతాను."

గొడుగావిడ అనుమానంగా చూసింది. "నువ్వు చేస్తే నేను హలో తప్ప ఇంకేమైనా అనగలనా?"

"మీరే మాట్లాడుదురుగాని."

ఈలోగా మేడం అట్ట పట్టుకుని నడవాలోకి వచ్చింది. పరీక్ష కాగితం మీద సూదక్క సంతకం కావాలట. సూదక్క ఆ కాగితం, పెన్ను తీసుకుంది. కాగితం వెనక్కి తిప్పి, గొడుగావిడ ఒక్కొక్క అంకె చెబుతుంటే నంబరు రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుంది.